ఒకే దేగ్చీ... ఎనిమిది నాలుకలు

జుమా నమాజు ముగించుకొని మగవాళ్ళు ఇంటికి చేరేసరికి దస్తర్‌ఖాన్ పరిచి, బగారా అన్నం, దాల్చా సిద్ధంగా ఉంచడం మా ఇంట్లో ఏళ్ళ తరబడి వస్తున్న అలవాటు. మాంసం, శనగపప్పు, సొరకాయ, చింతపండు పులుసు కలిసి ఉడికే ఈ దాల్చా సంగతి పాఠకులకు మేము కొత్తగా చెప్పవలసిన పనిలేదు. పెళ్ళి పందిట్లో బిర్యానీ పక్కన దాల్చా లేకపోతే అలిగి లేచిపోయే పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. మాది గుంటూరు జిల్లా. మిర్చి యార్డు ఘాటు గాలిలోనే ఉంటుందని చెప్పుకునే ప్రాంతం. కాబట్టి మా దాల్చా ఎలా ఉండేదో వేరే వివరించనక్కరలేదు. ఎర్రగా, పైన నూనె తేలుతూ, మొదటి ముద్దకే ముక్కు కారేలా ఉండేది.

మొన్నటి వేసవికి ముందు ఒక శుక్రవారం మా కంట రెండు దృశ్యాలు పడ్డాయి. దస్తర్‌ఖాన్ చివర కూర్చున్న అమ్మీ, అంటే మా అత్తగారు, మాంసం ముక్కను ఎవరూ చూడకుండా మంచినీళ్ళ గ్లాసులో ముంచి, కారం కడిగేసి, నోట్లో వేసుకుంటున్నారు. ఆ దాల్చా మాకు నేర్పింది ఆవిడే. నలభై ఏళ్ళ పాటు ఆ చేతి వంట కోసం బంధువులు బస్సులెక్కి వచ్చేవారు. కాసేపటికి నీళ్ళ కోసం వంటింట్లోకి వెళితే అక్కడ మా తోడికోడలు గోడకు ఆనుకొని నిలబడి, అన్నంలో కొరివికారం కలుపుకొని తింటోంది. ఆమె పుట్టిల్లు పల్నాడు. "ఏమిటమ్మా, అందరితో కూర్చోకుండా?" అని అడిగితే, "ఏం లేదు ఆపా, దాల్చా కాస్త చప్పగా అనిపించింది, అమ్మీ ముందు పచ్చడి సీసా తీస్తే బాగుండదని..." అంటూ నసిగింది.

ఒకే గిన్నెలోది ఒకరికి నిప్పు, మరొకరికి చప్పిడి. ఇద్దరూ పైకి చెప్పలేదు. ఒకరు తమ చేతి వంటనే తాము తినలేకపోతున్నామని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డారు. మరొకరు పెద్దల మర్యాద కోసం వంటింట్లో దాక్కున్నారు. మధ్యలో ఉన్న మేము, వడ్డించే గరిటె చేతిలోనే ఉండి కూడా, ఇన్నాళ్ళూ గమనించనే లేదు.

మిగతా ఆరుగురి సంగతీ చూద్దాం. మా వారికి రక్తపోటు, ఉప్పు తగ్గించమన్నారు. మరిదికి ఏదైనా ఫర్వాలేదు, ముక్కలుంటే చాలు. పదహారేళ్ళ పెద్దబ్బాయి కారం తినడమే మగతనమనుకునే వయసులో ఉన్నాడు. పదకొండేళ్ళ అమ్మాయి సొరకాయ ముక్కల్ని ఏరి కంచం అంచున పేర్చుతుంది. తోడికోడలి నాలుగేళ్ళ పిల్లవాడికి ఉత్త అన్నం, పెరుగు. ఎనిమిదో మనిషిమి మేము, అందరికీ వడ్డించాక అడుగున మిగిలింది తినేవాళ్ళం.

అమ్మీకి కడుపులో పుండు ఉందని అంతకు ముందే డాక్టరు చెప్పారు, మందులూ వాడారు. పుండ్లకు కారమే కారణమని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. ఆవిడ కూడా "జీవితమంతా తిన్న కారం ఇప్పుడు లెక్క అడుగుతోంది" అనేవారు. అది పూర్తిగా నిజం కాదు. ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980 దశకంలోనే కడుపు పుండ్లలో ఎక్కువ భాగానికి ఒక సూక్ష్మజీవి కారణమని చూపారు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. నొప్పి మాత్రలు అదేపనిగా మింగడం మరొక కారణం. కారం పుండును పుట్టించదు, ఉన్న మంటను మాత్రం రేపుతుంది. ఈ మాట చెప్పాక ఆవిడ ముఖంలో కొంత తేలిక కనిపించింది. తమ వంట తమకు కీడు చేయలేదని తెలియడం ఒక వంటగత్తెకు చిన్న విషయం కాదు.

మరుసటి శుక్రవారం మేము చేసిన పని అందరూ చేసేదే. కారం సగానికి సగం తగ్గించాము. దేగ్చీలోంచి పాలిపోయిన పసుపు రంగు ద్రవం ఒకటి బయటికి వచ్చింది. పెద్దబ్బాయి కలిపి చూసి, "అమ్మీ, ఇది దాల్చానా, పప్పా?" అన్నాడు. తోడికోడలు ఏమీ అనలేదు గాని భోజనాల తరువాత పచ్చడి సీసాలో నూనె మట్టం రెండంగుళాలు దిగింది. ఆ పై వారం పాత పద్ధతిలోనే వండి, అమ్మీ కోసం వేరుగా చిన్న గిన్నెలో కారం లేని దాల్చా తీశాము. అది మరీ పెద్ద పొరపాటు. ఆవిడ ఆ గిన్నెను చేత్తో పక్కకు జరిపి, "నన్ను ఆసుపత్రిలో కూర్చోబెట్టావా బేటీ?" అన్నారు. ఆ రోజు మజ్జిగన్నంతో లేచిపోయారు. పెద్దవాళ్ళకు వేరే గిన్నె పెట్టేముందు కోడళ్ళు రెండుసార్లు ఆలోచించాలని అప్పుడే తెలిసొచ్చింది. అది ఎంత ప్రేమతో పెట్టినా వెలివేతలాగే కనిపిస్తుంది.

కాబట్టి ఒకే దేగ్చీ ఉండాలి, అందులోంచి అందరూ తినాలి. ఎలా?

కొంచెం తీరిగ్గా ఆలోచిస్తే దాల్చాలో మిరపకాయ చేసే పనులు మూడని తోచింది. రంగు ఇస్తుంది, వాసన ఇస్తుంది, మంట ఇస్తుంది. మేము కారం సగం తీసేసినప్పుడు మంటతో పాటు రంగునీ, వాసననీ కూడా తీసేశాము. అందుకే వంట చచ్చిపోయింది. ఈ మూడూ ఒకే కాయలో ఉన్నంత మాత్రాన విడదీయరానివి కావు. మంటకు కారణమైన పదార్థం కాప్సైసిన్. అది ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, గింజలు అంటుకొని ఉండే తెల్లటి ఈనెలో. రంగు ఉండేది పై తొక్కలో. మంట ఒక రుచి కూడా కాదు. వేడిని పసిగట్టే నరాలను ఆ పదార్థం తట్టి లేపుతుంది, నాలుక కాలుతోందని మెదడు భ్రమపడుతుంది. ఆ నరాల్లోని గ్రాహకాన్ని అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. 2021 నోబెల్ బహుమతిలో ఆయనకు భాగం దక్కింది. నిజమైన వేడికీ, మిరప మంటకూ గ్రాహకం ఒకటే కావడం వల్ల పొగలు కక్కే దాల్చా గోరువెచ్చని దాల్చా కన్నా ఎక్కువ కారంగా అనిపిస్తుంది. పిల్లల కంచంలో అయిదు నిమిషాల ముందు వడ్డించి ఆరనిస్తే సగం పేచీ తగ్గడానికి కారణం ఇదే.

ఇంకొక మాట. కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కారం తగిలినప్పుడు చెంబెడు నీళ్ళు తాగినా మంట చల్లారదు, గుక్కెడు పాలో, చెంచాడు పెరుగో దాన్ని లాగేస్తాయి. అమ్మీ గ్లాసులో ముంచి కడిగిన ముక్కలో కారం నిజానికి అంతగా పోయి ఉండదు. ఆవిడ ఇన్నాళ్ళూ ఓర్చుకొని తిన్నారన్నమాట. ఆ సంగతి గ్రహించాక మాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

మొదట మార్చింది కారం డబ్బాను. మా ఇంట్లో కారం కొనము, కొత్త పంట వచ్చే రోజుల్లో ఎండు కాయలు తెచ్చి, ఆరబెట్టి, తొడిమలు తీసి మర పట్టిస్తాము. పొడి కొనేవారికి రంగు కల్తీ భయం ఎప్పుడూ ఉంటుంది. 2005లో బ్రిటన్‌లో సూడాన్ రంగు కలిసిన కారం కారణంగా వందల రకాల తినుబండారాలను దుకాణాల్లోంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఎప్పుడూ తెచ్చేది గుంటూరు సన్నం. ఈసారి దానితో పాటు చపాటా కాయలూ తెప్పించాము. పొట్టిగా, లావుగా టమాటాలా ఉండే ఈ వరంగల్ కాయకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. అది దొరకని ఊళ్ళలో కర్ణాటక బ్యాడగి కాయ ఆ పని చేస్తుంది. సన్నం ఒక డబ్బా, చపాటా ఒక డబ్బా, వేర్వేరుగా పట్టించాము. రెండూ కలిపి పట్టిస్తే మళ్ళీ మొదటికే వస్తాం, విడదీసే వీలుండదు. తేజ కాయ జోలికి మాత్రం వెళ్ళలేదు. ఆ సన్నటి కాయ ఘాటు మా అందరి కలయికకు సరిపడేది కాదు.

ఇక వంట. ఎనిమిది మందికి ముప్పావు కిలో మాంసం, ఎముకలతో సహా. మూలిగ ఎముకలు నాలుగైనా ఉండాలి, మంట తగ్గించిన వంటకు ఒళ్ళు నిండుగా ఉండేది వాటి వల్లే. పావు కిలో శనగపప్పు, గుప్పెడు కందిపప్పు గంటసేపు నానబెట్టి, పసుపు వేసి మెత్తగా ఉడికించి, సగం మెదిపి సగం వదిలేస్తాము. మూడు ఉల్లిపాయలు నూనెలో బంగారు రంగు దాటేదాకా వేయించి, అందులో గుప్పెడు తీసి పక్కన పెడతాము. మిగిలిన దాంట్లో అల్లంవెల్లుల్లి ముద్ద, మాంసం, ఉప్పు వేసి, నీరింకి నూనె తేలేదాకా కలుపుతూ ఉండాలి. ఇక్కడ తొందరపడేవారి దాల్చా ఎన్నడూ బాగుండదు. తరువాత చపాటా కారం మూడు చెంచాలు, సన్నం అర చెంచా. ఇదివరలో సన్నమే నాలుగు చెంచాలు పడేది. రంగు కూడా కొవ్వులోనే దిగుతుంది కాబట్టి కారాన్ని నీళ్ళలో కాకుండా నూనెలో, మంట బాగా తగ్గించి, మాడకుండా కొద్ది క్షణాలు తిప్పాలి. నీళ్ళు పోసి మాంసం ఉడికాక పెద్ద పెద్ద సొరకాయ ముక్కలు, అవి మెత్తబడ్డాక పప్పు.

చింతపండు పులుసు అన్నిటికన్నా చివర. పులుపు ముందే పడితే పప్పు, ముక్క రెండూ బిర్రబిగుస్తాయని అమ్మీ ఎప్పుడూ చెప్పే మాట, అది శాస్త్రానికీ నిలుస్తుంది. కారం తగ్గినప్పుడు వంటను నిలబెట్టేది ఈ పులుపే. నిమ్మకాయంత చింతపండును నానబెట్టి, పులుసులో మూడొంతులు దేగ్చీలో పోస్తాము. తక్కిన వంతును స్టవ్ ఆర్పే ముందు పచ్చిగా కలుపుతాము. ఉడికిన పులుపు లోతు ఇస్తే, ఉడకని పులుపు నాలుకను లేపుతుంది. వేసవిలో చింతపండు తగ్గించి పచ్చిమామిడి ముక్కలు వేశాము, అందరికీ నచ్చింది. ఒకసారి ఉత్సాహం కొద్దీ గోంగూర కూడా వేశాము. ఆ రోజు తిన్నది దాల్చా కాదు, గోంగూర మాంసమూ కాదు. మరిది కూడా రెండోసారి వడ్డించుకోలేదు, ఇది మా ఇంట్లో అరుదైన సంఘటన.

వాసన సంగతి తాలింపు చూసుకుంటుంది. నెయ్యిలో జీలకర్ర, నలగ్గొట్టిన వెల్లుల్లి, కరివేపాకు, రెండు ఎండుమిరపకాయలు. కాయల్ని తుంచకూడదు. తుంచని కాయ తన కమ్మటి వాసన ఇచ్చి, మంటను కడుపులోనే దాచుకుంటుంది. దింపాక దోరగా వేయించి దంచిన జీలకర్ర అర చెంచా, పుదీనా, కొత్తిమీర, ముందు తీసి పెట్టిన ఉల్లిపాయలు పైన చల్లి మూత పెట్టేస్తాము. పది నిమిషాల తరువాత మూత తీసినప్పుడు వచ్చే వాసనకు వరండాలో చెప్పులు విడుస్తున్నవాళ్ళు సగం తిన్నట్టే.

ఇంత చేసినా తోడికోడలి సమస్య తీరలేదు. దేగ్చీ అమ్మీ నాలుకకు దగ్గరైంది గాని పల్నాడు నాలుకకు ఇంకా దూరమైంది. ఈ చిక్కుకు దారి అనుకోకుండా డాలస్ నుంచి దొరికింది. అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న మా అక్క కొడుకు ఫోనులో మా కథ విని నవ్వాడు. "ఖాలా, ఇక్కడ టెక్సాస్‌లో మన దాల్చాకు చుట్టం లాంటిది ఒకటుంది. దాని పేరే చిల్లీ. మాంసం, ఎండుమిర్చి, జీలకర్ర. మేము హలాల్ మాంసం తెచ్చి ఇంట్లో వండుకుంటాము. దాని మీదా ఇళ్ళలో ఇదే గొడవ" అన్నాడు. మాటల్లో తెలిసిందేమంటే, ఆ రాష్ట్ర శాసనసభ 1977లో చిల్లీని తమ అధికారిక వంటకంగా ప్రకటించిందట. అందులో చిక్కుడు గింజలు వేయవచ్చా, కూడదా అని వాళ్ళు కొట్టుకుంటారట. మనవాళ్ళు దాల్చాలో కందిపప్పా, శనగపప్పా అని వాదించుకున్నట్టే. అదే అమెరికాలో సిన్సినాటి నగరంలో 1922లో మాసిడోనియా నుంచి వలస వచ్చిన కిరాజీఫ్ సోదరులు ఆ చిల్లీని సేమ్యా లాంటి స్పాగెటీ మీద పోసి అమ్మడం మొదలుపెట్టారు. అక్కడ ఇప్పటికీ 'మూడు రకాలు', 'నాలుగు రకాలు', 'అయిదు రకాలు' అని లెక్క చెప్పి అడుగుతారు. మూడంటే స్పాగెటీ, చిల్లీ, జున్ను. నాలుగంటే దాని మీద ఉల్లిపాయో, చిక్కుడు గింజలో. అయిదంటే రెండూనూ. వండేది ఒకటే, పైన చేర్చుకునేది ఎవరి ఇష్టం వారిది.

అరే, మన దస్తర్‌ఖాన్ మీద ఇది లేనిదెప్పుడు? నిమ్మచెక్క, ఉల్లిపాయ, పెరుగు చట్నీ మనమూ పెడతాం కదా! కాకపోతే వాటిని అలంకారంగా చూశామే గాని పని అప్పగించలేదు. మంటను దేగ్చీలోంచి తీసి దస్తర్‌ఖాన్ మీద పెట్టాలన్నది అప్పుడు తట్టింది.

ఆ శుక్రవారం తోడికోడలిని పిలిచి, "నీ కారం నువ్వే చెయ్యి, వంటింట్లో కాదు, అందరి ముందుకు రావాలి" అన్నాము. ఆమె ఎండుమిరపకాయలు వేడినీళ్ళలో నానబెట్టి, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు, కాస్త చింతపండు వేసి రోట్లో నూరి, వేడి నూనె పోసి తెచ్చింది. ఎర్రటి ఆ ముద్దను చిన్న గిన్నెలో దస్తర్‌ఖాన్ మధ్యలో పెట్టాము. దాని పక్కన నూనెలో వేయించిన పచ్చిమిర్చి, చల్లమిరపకాయలు, నిమ్మచెక్కలు, పుదీనా కలిపిన పెరుగు చట్నీ. ఉల్లి, కీరా తరుగు అమ్మాయి చేత కోయించాము. తను కోసింది కాబట్టి తింది, దాని పక్కనున్న సొరకాయ ముక్క కూడా రెండు సార్లు నోట్లోకి పోయింది. చల్లమిరపకాయలు మా వారికి అందకుండా దూరంగా జరిపాము. వాటిలో ఉండేది మంట కన్నా ఉప్పు ఎక్కువ. రక్తపోటు ఉన్నవారు కారానికి కాదు, పచ్చళ్ళలోని, అప్పడాల్లోని ఉప్పుకు భయపడాలి. ఈ పద్ధతిలో దేగ్చీలోనూ ఉప్పు కొంత తగ్గించగలిగాము, పులుపు ఉన్న వంటకు ఉప్పు తక్కువైనా అంతగా తెలియదు.

పెద్దబ్బాయి ఎర్ర ముద్దను చెంచాడు కలుపుకొని, చెవులు ఎర్రబడినా ఏమీ కానట్టు కూర్చున్నాడు. కారం తట్టుకోవడం మగతనమేమీ కాదు, తింటూ తింటూ ఉంటే ఆ నరాలు మొద్దుబారతాయి అంతే, అని చెప్పాము. పక్షులకైతే ఆ మంట అసలు తెలియదు, చిలక ఎండుమిరపకాయ కొరుక్కు తిన్నంత మాత్రాన పహిల్వాన్ అయిపోదు కదా అన్నాము. తోడికోడలు పకపకా నవ్వింది. ఆమె దస్తర్‌ఖాన్ దగ్గర అలా నవ్వడం మేము వినడం అదే మొదటిసారి.

ఎర్ర ముద్ద మిగిలితే గాజు సీసాలో వేసి, పైన నూనె నిలిచేలా చూసి, ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు వాడుకోవచ్చు. తడి చెంచా మాత్రం పెట్టకూడదు. దాల్చా మర్నాటికి గట్టిపడుతుంది. చన్నీళ్ళు పోస్తే విరిగినట్టవుతుంది, వేడినీళ్ళే పోసి సన్నటి సెగ మీద వదులు చేసి, దించాక అరచెక్క నిమ్మరసం పిండాలి.

ఆ రోజు అమ్మీ మాట్లాడకుండానే తిన్నారు. గ్లాసులో నీళ్ళు తాగడానికే వాడారు. రెండోసారి దాల్చా వేయించుకున్నాక, మధ్యలో ఉన్న ఎర్రటి గిన్నె వంక కాసేపు చూసి, చిన్న కోడలితో, "అందులో జీలకర్ర పచ్చిది వేశావా, వేయించినదా?" అని అడిగారు. "పచ్చిదే అమ్మీ." "ఈసారి వేయించి వెయ్యి" అంటూ చిటికెన వేలి కొనతో ఒక్క చుక్క తీసి నాలుకకు రాసుకొని, కళ్ళు మూసుకున్నారు. మేము గబగబా పెరుగు గిన్నె ఆవిడ ముందుకు జరిపాము.